‘అధ్యక్షా, ఒక ప్రతిపాదన’: సభా నియమాలు నేర్చుకోవడం, విద్యార్థులకు నేర్పడం ఎలా?

పార్లమెంటరీ ప్రొసీజర్ నేర్చుకుందామని చాలామంది లావుపాటి పుస్తకం తెరుస్తారు, ఇరవయ్యో పేజీ దగ్గర మూసేస్తారు. మొదట కావలసింది పుస్తకం కాదు. అధ్యక్షస్థానంలో కూర్చున్నవాళ్లు, సభ్యులు పలికే ఏడెనిమిది వాక్యాలు నోటికి రావాలి. అవి వచ్చాక నియమాలు ఎందుకున్నాయో వాటంతటవే అర్థమవుతాయి. నియమాలు మాత్రమే చదివినవాళ్లు సభలో లేచి నిలబడి ‘ఇప్పుడేమనాలి?’ అని తడుముకుంటారు. తరగతిలోనూ ఇదే వరస: ముందు పలికించండి, తర్వాత వివరించండి.

ముందు మీరు సిద్ధం కండి

సంఘాలు, క్లబ్బులు, విద్యార్థి మండళ్లు ఎక్కువగా అనుసరించే నియమాలకు మూలం ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’. అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ దాన్ని 1876లో వెలువరించారు. అప్పట్లో అది 176 పేజీల చిన్న పుస్తకం. 2020లో వచ్చిన 12వ కూర్పు 700 పేజీలు దాటింది. 1915 నాటి కూర్పు కాపీరైటు గడువు తీరిపోయింది కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. మూలసూత్రాలకు అది చాలు, కానీ కొన్ని వివరాలు తర్వాతి కూర్పుల్లో మారాయి. సందేహం వచ్చిన చోట కొత్తదే చూడండి.

మొదటి పేజీ నుంచి చదవొద్దు. ప్రతిపాదన నడిపే పద్ధతి, సవరణలు, ఓటింగు, పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పారని లేచి ఎత్తిచూపడం) అన్న నాలుగు భాగాలు ఈ వరసలో చదివి, మిగతాది నిఘంటువులా అవసరమైనప్పుడు తిరగేయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: పుస్తకమే పైమాట కాదు. దేశ చట్టం అన్నిటికంటే పైన ఉంటుంది. తర్వాత సంస్థ నియమావళి, తర్వాత సంస్థ చేసుకున్న ప్రత్యేక నిబంధనలు, ఆ తర్వాతే పుస్తకం. ‘ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం’ అన్న ఆనవాయితీ అట్టడుగున. ఇక్కడ చెప్పేవన్నీ రాబర్ట్ పద్ధతి ప్రకారం. మీ సంఘం నియమావళి మరోలా చెబితే అదే చెల్లుతుంది.

ఒక ప్రతిపాదన నడిచే దారి

గ్రంథాలయం శనివారం కూడా తెరవాలన్న మాట సభ ముందుకు వచ్చిందనుకోండి.

1. సభ్యురాలు లేచి ‘అధ్యక్షా’ అంటుంది. శాసనసభ సమావేశాలు టీవీలో చూసిన ఎవరికైనా ఈ పిలుపు చెవుల్లో ఉంటుంది. ఇది మర్యాద కోసమే కాదు, మాట్లాడే హక్కు అడగడం. అధ్యక్షుడు పేరు పిలిచేదాకా ఆమె ఇంకేం మాట్లాడకూడదు.

2. ‘పాఠశాల గ్రంథాలయాన్ని శనివారం కూడా తెరిచి ఉంచాలని ప్రతిపాదిస్తున్నాను.’ ఇంతే. కారణాలు ఇప్పుడే చెప్పకూడదు. ‘గ్రంథాలయం గురించి ఏదైనా చేస్తే బాగుంటుంది’ అన్నది ప్రతిపాదన కాదు. నెగ్గితే ఎవరు ఏం చేయాలో ఆ వాక్యంలోనే తెలియాలి. కాస్త పొడవైతే కాగితం మీద రాసి కార్యదర్శికి ఇవ్వాలి.

3. మరొకరు కూర్చున్నచోటు నుంచే ‘బలపరుస్తున్నాను’ అంటారు. దీనికి అనుమతి అక్కర్లేదు.

4. అధ్యక్షుడు: ‘పాఠశాల గ్రంథాలయాన్ని శనివారం కూడా తెరిచి ఉంచాలని ప్రతిపాదన వచ్చింది, బలపరిచారు. చర్చ ఉందా?’ కొత్తవాళ్లు తరచూ ఎగరగొట్టే మెట్టు ఇదే, కీలకమైనదీ ఇదే. ఈ వాక్యం పలికేదాకా ప్రతిపాదన పెట్టినవాళ్ల సొత్తు. మార్చుకోవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. పలికిన క్షణం నుంచి అది సభ సొత్తు. ఆ తర్వాత ఒక్క మాట మార్చాలన్నా, ఉపసంహరించుకోవాలన్నా సభ ఒప్పుకోవాలి.

5. చర్చ. ప్రతిపాదించినవాళ్లకు మొదటి అవకాశం. పుస్తకం ప్రకారం ఒక్కో ప్రతిపాదన మీద ఒకరు ఒక రోజులో రెండుసార్లు, సారికి 10 నిమిషాలు మించకుండా మాట్లాడవచ్చు. ఇంకా మాట్లాడనివాళ్లు లేచి నిలబడి ఉండగా రెండోసారి అవకాశం ఇవ్వకూడదు. మాటలన్నీ అధ్యక్షుడి వైపే సాగాలి. ప్రతిపాదనను ఎంతైనా విమర్శించవచ్చు కానీ, ప్రతిపాదించిన మనిషి ఉద్దేశాలను కాదు.

6. ‘ప్రతిపాదనకు అనుకూలంగా ఉన్నవారు అవును అనండి.’ ఆగాలి. ‘వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి.’

7. ఫలితం చెప్పేటప్పుడు మూడు ముక్కలూ ఉండాలి: ‘అవును అన్నవారే ఎక్కువ. ప్రతిపాదన నెగ్గింది. వచ్చే శనివారం నుంచి గ్రంథాలయం తెరిచి ఉంటుంది.’ మూడోది వదిలేస్తే బయటికొచ్చాక ‘ఇంతకీ ఏమైంది?’ అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

తెలుగులో నడిపేటప్పుడు కాలు జారే మాటలు

ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో సభ నడిపేవాళ్లకు నాలుగు చోట్ల తడబాటు వస్తుంది.

‘బలపరచడం’ మొదటిది. మాటలోనే మద్దతు ధ్వనిస్తుంది. అందుకే నచ్చని ప్రతిపాదనను బలపరచకూడదని పిల్లలు అనుకుంటారు. ఇక్కడ దాని అర్థం ‘ఇది చర్చకు రావాలి’ అని మాత్రమే. ఒక్కరి కోరిక కోసం సభ సమయం వృథా కాకుండా, కనీసం ఇద్దరికి ఆ విషయం మీద ఆసక్తి ఉందో లేదో చూసే జల్లెడ అది. ఓడించాలనుకున్నవాళ్లు కూడా నిక్షేపంగా బలపరచవచ్చు. ఇది నమ్మించడానికి తరగతిలో ఒకసారి కావాలనే వ్యతిరేకుల చేత బలపరిపించండి. మరొకటి: ఎవరూ బలపరచలేదన్న సంగతి చర్చ మొదలయ్యాక గుర్తొస్తే ఆపక్కర్లేదు. నలుగురు మాట్లాడుతున్నారంటే జల్లెడ పని అయిపోయినట్టే.

‘ప్రతిపాదన’, ‘తీర్మానం’ ఒకటి కావు. నెగ్గేదాకా ప్రతిపాదన, నెగ్గాక తీర్మానం అని తరగతిలో కచ్చితంగా వాడండి. ‘తీర్మానం ప్రవేశపెట్టారు’ అని పత్రికల్లో రాయడం ఉంది, తప్పనలేం. కానీ నేర్చుకునే దశలో ఈ తేడా పాటిస్తే మినిట్స్ (సమావేశంలో జరిగిన పని రాసిపెట్టే నమోదు) శుభ్రంగా వస్తాయి.

‘వాయిదా’ అసలైన చిక్కు. విషయాన్ని వచ్చే సమావేశానికి జరపడమూ వాయిదాయే, సభను ముగించి లేవడమూ వాయిదాయే. ఇవి రెండు వేర్వేరు ప్రతిపాదనలు, వేర్వేరు స్థాయిలవి. ‘వాయిదా వేద్దాం అధ్యక్షా’ అని ఎవరైనా అంటే అధ్యక్షుడు వెంటనే అడగాలి: ‘విషయాన్నా, సభనా? విషయాన్నయితే ఎప్పటికి?’ తేదీ లేని వాయిదా ఒప్పుకోకండి.

ఇక ‘టేబుల్ చేయడం’. బ్రిటిష్ పార్లమెంటు సంప్రదాయంలో దీనికి సభ ముందు పెట్టడమని అర్థం. అమెరికా పద్ధతిలో తలకిందులు: చర్చలో ఉన్నదాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టడం. ఒకే గదిలో రెండు అర్థాలు తిరిగితే గొడవ ఖాయం. ఆ మాటే నిషేధించి ‘సభ ముందుంచడం’, ‘పక్కన పెట్టడం’ అని పలికించండి.

కాగితాల దొంతర

సభ ఒకసారి ఒక్క విషయాన్నే పట్టించుకుంటుంది. అయితే ఒక ప్రతిపాదన తేలకముందే దానిమీద మరో ప్రతిపాదన రావచ్చు. ఏది దేనికంటే పైదో పట్టిక చూసి బట్టీపట్టడం దండగ. బల్లమీద కాగితాలు పేర్చి చూపిస్తే ఒక్క పీరియడ్‌లో వచ్చేస్తుంది.

ముందుగా స్థాయిలు, కింది నుంచి పైకి: అసలు ప్రతిపాదన, సవరణ, కమిటీకి పంపడం, ఫలానా తేదీకి జరపడం, చర్చకు గడువు పెట్టడం, చర్చ ముగించి ఓటుకు వెళ్లడం, పక్కన పెట్టడం, విరామం, సభ ముగింపు. పుస్తకంలో ఇంకా నాలుగున్నాయి, మొదటి ఏడాది వాటితో పనిలేదు. బల్లమీద ఉన్నదానికంటే పైస్థాయిదే తర్వాత పెట్టవచ్చు. తేల్చడం మాత్రం పైనుంచి కిందికి. సవరణకు సవరణ మినహాయింపులా కనిపిస్తుంది: అది సవరణ మీదే కూర్చుంటుంది.

ఇలా పేర్చండి. అడుగున ‘గ్రంథాలయం శనివారం కూడా తెరవాలి’. దానిమీద ‘“శనివారం కూడా” అన్న మాటల తర్వాత “మధ్యాహ్నం 12 గంటల వరకు” అని చేర్చాలి’. దానిమీద ‘12 తీసి 2 పెట్టాలి’. దానిమీద ‘కమిటీకి పంపాలి’. పైన ‘వచ్చే సమావేశానికి జరపాలి’. ఇప్పుడు అడగండి: మొదటి ఓటు దేనికి? వచ్చే సమావేశానికి జరపాలన్నదానికి. అది నెగ్గితే మిగతా కాగితాలన్నీ ఆ దొంతరగానే వచ్చే సమావేశానికి వెళ్తాయి. ఓడితే ఆ కాగితం తీసేసి కమిటీ సంగతి చూడాలి. అదీ ఓడితే 12కు బదులు 2, తర్వాత సవరణ, చివరికి అసలు ప్రతిపాదన.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: సవరణ నెగ్గగానే చప్పట్లు కొట్టి తర్వాతి విషయానికి వెళ్లిపోవడం. సవరణ నెగ్గితే ప్రతిపాదన మాటలు మారాయి, అంతే. ప్రతిపాదన ఇంకా బల్లమీదే ఉంది, దానికి మళ్లీ ఓటు కావాలి. కాగితాల పద్ధతిలో ఈ తప్పు జరగదు. అడుగు కాగితం కళ్లెదుట ఉంటుంది.

సవరణ నాలుగు రకాలుగా ఉండవచ్చు: మాటలు చేర్చడం, మాటలు తీసేయడం, కొన్ని తీసి వేరేవి పెట్టడం, మొత్తం వాక్యానికి బదులు మరో వాక్యం ఇవ్వడం. ఎక్కడ, ఏ మాట అన్నది కచ్చితంగా చెప్పించండి. సవరణకు సవరణ దాకా సరే, మూడో పొర కుదరదు. సవరణ అసలు విషయానికి సంబంధించినదై ఉండాలి, అయితే ప్రతిపాదించినవాళ్లకు నచ్చాలని లేదు. ‘అభినందించాలి’ తీసి ‘మందలించాలి’ పెట్టడం కూడా చెల్లుతుంది. చెల్లనిది ఒకటుంది: ‘తెరవాలి’ని ‘తెరవకూడదు’ అని మార్చడం. తెలుగులో క్రియ చివర చిన్న మార్పుతో వ్యతిరేకార్థం వచ్చేస్తుంది కాబట్టి విద్యార్థులు దీనికి తెగ మొగ్గుతారు. ప్రతిపాదనకు ‘కాదు’ అని ఓటేస్తే సరిపోయేదానికి సవరణ ఎందుకు?

ఓట్ల లెక్క

మెజారిటీ అంటే వేసిన ఓట్లలో సగానికి మించి. గదిలో ఉన్నవాళ్లలో సగం కాదు. 30 మంది ఉన్న సభలో 11 అవును, 9 కాదు, 10 మంది మౌనం: నెగ్గింది. తటస్థులను లెక్కించరు, అడగనూ అక్కర్లేదు. సమానంగా వస్తే ఓడినట్టే, మెజారిటీ రాలేదు కాబట్టి.

మూడింట రెండు వంతులు కావలసినవి కొన్ని: చర్చ ముగించడం, చర్చకు గడువు పెట్టడం, నియమాన్ని ఆ పూటకు పక్కన పెట్టడం. ఇవన్నీ సభ్యుల హక్కు ఏదో ఒకటి కోసేవే. మాట్లాడాల్సినవాళ్ల నోరు మూయాలంటే మామూలు మెజారిటీ చాలదన్నది వీటి వెనక ఉన్న తర్కం. ఇది చెప్పాక ఈ జాబితా గుర్తుంచుకోవడం పిల్లలకు తేలిక. లెక్కకు భిన్నాలు వద్దు: ‘కాదు’ ఓట్లను రెట్టింపు చేయండి, ‘అవును’ ఓట్లు దానికి సమానమో ఎక్కువో అయితే నెగ్గినట్టు. 16–8 నెగ్గుతుంది. 15–9 నెగ్గదు. మూడింట రెండు వంతులు కావలసిన చోట మూజువాణి ఓటు (నోటితో అవును, కాదు అనడం) వద్దు, లేచి నిలబడమనండి.

మూజువాణి ఫలితం మీద అనుమానం ఉన్న ఏ ఒక్క సభ్యుడైనా ‘డివిజన్’ అనవచ్చు. బలపరచనక్కర్లేదు. అప్పుడు లేచి నిలబడి తేల్చాలి. అధ్యక్షుడు కూడా సభ్యుడే అయితే, తన ఓటు ఫలితాన్ని మార్చేటప్పుడు ఓటేయవచ్చు. అంటే సమానమైనదాన్ని నెగ్గించడానికే కాదు, ఒక్క ఓటుతో నెగ్గుతున్నదాన్ని సమానం చేసి ఓడించడానికి కూడా. బ్రిటిష్ సంప్రదాయంలో స్పీకరు సమానమైనప్పుడే ఓటేస్తారు. రెండూ కలిపేయకండి.

పాయింట్ ఆఫ్ ఆర్డర్ దుర్వినియోగం

నేర్పిన రోజు నుంచి వారంపాటు ప్రతివాడూ ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్!’ అని అరుస్తాడు. మాట్లాడేవాళ్లను మధ్యలో ఆపగలిగే మంత్రం దొరికింది మరి. ఒక నిబంధన పెట్టండి: ఏ నియమం తప్పారో ఒక్క వాక్యంలో చెప్పాలి, చెప్పలేకపోతే కూర్చోవాలి. ‘ఆమె చెప్పిన లెక్క తప్పు’ అన్నది చర్చలో చెప్పాల్సిన మాట, పాయింట్ ఆఫ్ ఆర్డర్ కాదు. ‘ఆమె ఇప్పటికే రెండుసార్లు మాట్లాడింది’ అన్నది పాయింట్ ఆఫ్ ఆర్డర్. తప్పు జరిగినప్పుడే లేవాలి, అర్ధగంట తర్వాత గుర్తొస్తే సాధారణంగా చెల్లదు.

తీర్పు అధ్యక్షుడిది. నచ్చకపోతే ఒకరు అప్పీలు చేసి, మరొకరు బలపరిస్తే సభ నిర్ణయిస్తుంది. ప్రశ్న ఇలా అడగాలి: ‘అధ్యక్షుడి నిర్ణయం నిలవాలా?’ ఓట్లు సమానమైతే నిర్ణయం నిలుస్తుంది. అప్పీలు అవమానం కాదని అధ్యక్షస్థానంలో కూర్చునే పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

తరగతి నడపడం: 40 నిమిషాల చొప్పున ఆరు పీరియడ్లు

12 నుంచి 20 మంది సరైన సంఖ్య. 40 మంది ఉంటే సగం సభ, సగం పరిశీలకులు: పరిశీలకుల చేతిలో ఏడు మెట్ల పట్టీ ఉండాలి, ఏ మెట్టు తప్పారో గుర్తు పెట్టాలి. పీరియడ్ మధ్యలో జట్లు మారాలి.

మొదటి పీరియడ్‌లో సిద్ధాంతం వద్దే వద్దు. ఏడు మెట్ల వాక్యాలు అట్టముక్కల మీద రాసి ఇచ్చి, చర్చ లేకుండా ప్రతిపాదన నుంచి ఫలితం దాకా నడిపించండి. ఒక్కోదానికి మూడు నిమిషాలు పడుతుంది. ప్రతిసారీ అధ్యక్షుణ్ని మార్చండి. చివరి పది నిమిషాలు అట్టముక్కలు లాగేసుకోండి. రెండో పీరియడ్‌లో చర్చ చేర్చండి. పుస్తకంలోని 10 నిమిషాలకు బదులు ఒక నిమిషం, గడియారం పట్టుకోవడానికి ఒక విద్యార్థి. మూడోది పూర్తిగా సవరణలకు, నాలుగోది దొంతరలోని మిగతా స్థాయిలకు, ఐదోది పాయింట్ ఆఫ్ ఆర్డర్‌కు, ఓట్ల లెక్కకు. ఆరోది పూర్తి సమావేశం: సభ ప్రారంభం, కోరం (సభ నడవడానికి హాజరు కావలసిన కనీస సంఖ్య), గత మినిట్స్ ఆమోదం, నివేదికలు, మిగిలిపోయిన పనులు, కొత్త పనులు, ముగింపు. కోరం ఎంతో నియమావళిలో రాసుకోకపోతే మొత్తం సభ్యుల్లో సగానికి మించి: 30 మందికి 16. పది, పదకొండేళ్ల పిల్లలకు మొదటి మూడు పీరియడ్ల సరుకే రెండింతల సమయం తీసుకుని చేయించండి, సవరణకు సవరణ వదిలేయండి.

చర్చనీయాంశం ఎంపికలోనే సగం పని ఉంది. మరీ పనికిమాలినదైతే ఎవరూ లేవరు. మరీ వేడి పుట్టించేదైతే నియమాలు గాలికి పోతాయి. వాళ్లు నిజంగా నిర్ణయించగలిగేది, నిర్ణయించాక నిజంగా అమలయ్యేది ఎంచుకోండి: గోడపత్రిక పేరు, ఆటల పీరియడ్ వరస, గదిలో బల్లల అమరిక. సభ తీర్మానించాక మీరు కాదంటే ఇక ఆ తరగతిలో ఎవరూ మనసుపెట్టి మాట్లాడరు.

మీరు కూర్చోవాల్సింది గది వెనక. అధ్యక్షుడి పక్కన కూర్చుంటే ప్రతి వాక్యానికీ వాడు మీ ముఖం చూస్తాడు. పుస్తకం పట్టుకునే సలహాదారుగా ఒక విద్యార్థిని పెట్టండి. సలహా వరకే అతని పని, తీర్పు అధ్యక్షుడిదే. తప్పులు రాసుకుని చివర చెప్పండి. సభ పూర్తిగా చిక్కుబడితే తప్ప మధ్యలో ఆపకండి.

పరీక్ష పెట్టాలంటే నిర్వచనాలు అడగకుండా తప్పుల సభ ఇవ్వండి. ఇందులో ఐదున్నాయి:

రాము: (లేస్తూనే) రెండు చదరంగం బోర్డులు కొనాలని ప్రతిపాదిస్తున్నాను.
సీత: బలపరుస్తున్నాను.
అధ్యక్షుడు: రెండు చదరంగం బోర్డులు కొనాలని ప్రతిపాదన వచ్చింది, బలపరిచారు. చర్చ ఉందా?
గోపి: అధ్యక్షా!
అధ్యక్షుడు: గోపి.
గోపి: ‘రెండు’ తీసి ‘మూడు’ పెట్టాలని సవరణ.
లత: బలపరుస్తున్నాను.
అధ్యక్షుడు: రామూ, నీకు సమ్మతమేనా?
రాము: సరే.
అధ్యక్షుడు: అయితే మూడు. ఇంకెవరైనా?
వెనక నుంచి ఎవరో: ఓటింగ్ పెట్టండి!
అధ్యక్షుడు: చర్చ ముగిసింది. అనుకూలురు చేతులెత్తండి. పదకొండు మంది అనుకూలం. ప్రతిపాదన నెగ్గింది. మూడు చదరంగం బోర్డులు కొంటాం.
కార్యదర్శి రాసుకున్నది: ‘మూడు చదరంగం బోర్డులు కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’

రాము అధ్యక్షుణ్ని పిలవలేదు, అవకాశం రాకుండానే మాట్లాడాడు. సవరణకు సభ ఓటు బదులు రాము ఒప్పుకోలు తీసుకున్నారు, అప్పటికే ప్రతిపాదన సభది. కూర్చున్నచోటు నుంచి వేసిన కేకతో చర్చ ఆగదు: అధ్యక్షుడు ‘చర్చ ముగించడానికి అభ్యంతరం ఉందా?’ అని అడగాలి, ఒక్కరు కాదన్నా ప్రతిపాదన, బలపరచడం, మూడింట రెండు వంతుల ఓటు కావాలి. వ్యతిరేకులను అడగనే లేదు. అడగని ఓటుకు ‘ఏకగ్రీవం’ అని రాయడం ఐదో తప్పు. మినిట్స్‌లో జరిగిన పని రాయాలి, అలవాటైన మాట కాదు. ఎవరెవరు ఏమేం వాదించారన్నది కూడా అందులోకి రాకూడదు. ప్రతిపాదన చివరికి ఉన్న కచ్చితమైన మాటలు, ప్రతిపాదించినవారి పేరు, నెగ్గిందా ఓడిందా, ఓట్లు లెక్కిస్తే ఆ అంకెలు ఉంటే సరి. బలపరిచినవారి పేరు రాయనక్కర్లేదు.